విశాఖ ఉక్కలో ఏసీ బిల్లు: బకెట్ చెప్పే లెక్క

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. అది కట్టినవాళ్లు విశాఖపట్నంలో కాపురం ఉన్నవాళ్లు కాదు. ఇక్కడ రోలు పగలదు, చెమ్మ పడుతుంది. మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గరే ఆగిన రోజున కూడా రాత్రి పదకొండింటికి దిండు తడుస్తుంది, ఆరేసిన తువ్వాలు తెల్లారినా ఆరదు. సముద్రపు గాలి ఎండ వేడిని కాస్త తగ్గిస్తుంది, ఆ మేరకు గదిలో నీళ్లు నింపి పోతుంది.

అందుకే పొడి ఊళ్ల కోసం రాసిన ఏసీ పొదుపు చిట్కాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. అక్కడ ఏసీ గాలిని చల్లబరిస్తే చాలు. ఇక్కడ చల్లబరచాలి, పిండాలి కూడా. బిల్లులో ఈ పిండే పని వాటా చిన్నది కాదు. ఏసీ మార్చకుండా, పైసా ఖర్చు పెట్టకుండా తగ్గించుకోగలిగేది కూడా ఎక్కువగా ఇదే.

ఎంత పిండుతోందో చూడాలంటే డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టండి. ఒక లీటరు నీటి ఆవిరి ఏసీ లోపలి చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీద నీరుగా మారేటప్పుడు, కరెంటు మీటరు లెక్కలో చెప్పాలంటే, దాదాపు 0.68 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి వదులుతుంది. ఆ వేడిని ఏసీ బయటికి తోయాలి. ఆరోగ్యంగా ఉన్న ఇన్వర్టర్ ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు, మూడున్నర యూనిట్ల వేడిని తోస్తుంది. అంటే బకెట్‌లో పడే ప్రతి లీటరుకీ 0.2 యూనిట్ కరెంటు అయినట్టు. రాత్రికి పది లీటర్లు పడితే రెండు యూనిట్లు, నెలకి అరవై. ఈ అరవైని గుర్తు పెట్టుకోండి, బిల్లు దగ్గర మళ్లీ పనిపడుతుంది.

పరీక్ష చేసే పద్ధతి ఇది. తలుపులు, కిటికీలు వేసి 26 డిగ్రీల మీద ఏసీ ఆన్ చేయండి. మొదటి రెండు గంటల నీళ్లు లెక్కలోకి తీసుకోవద్దు. గోడలు, పరుపు, దుప్పట్లు, బట్టలు పగలంతా పీల్చుకున్న తేమ అప్పుడే బయటికొస్తుంది, లీటరున్నర రెండు లీటర్లు పడినా ఆశ్చర్యం లేదు. మూడో గంటలో పడిన నీళ్లను కొలత గీతలున్న సీసాలో పోసి చూడండి. నిద్రపోయే మనిషి ఊపిరి, చెమట కలిసి గంటకు 40, 50 మిల్లీలీటర్లు. ఇద్దరికీ కలిపి వంద అనుకుందాం. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అయితే లోపల సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రాత్రి ఒక్కో ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీళ్లు ఉంటాయి. గదిలో 26 డిగ్రీలు, 55 శాతం దగ్గర అది 13 గ్రాములే. గదిలోని గాలి గంటకొకసారి పూర్తిగా మారిపోతుంటే ఆ తేడా వల్లనే 370 మిల్లీలీటర్లు వస్తాయి. మామూలుగా మూసిన గదిలో మారేది ఇందులో సగం. కాబట్టి మూడో గంటలో 250 నుంచి 350 మిల్లీలీటర్లు పడితే గది బాగున్నట్టే. 700 దాటితే ఎక్కడినుంచో సముద్రం లోపలికి వస్తోంది.

ఎక్కడినుంచి అంటే, విశాఖ ఫ్లాట్లలో మొదట అనుమానించాల్సింది అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు. రెండు తలుపులు ఒకదానిమీద ఒకటి వచ్చేచోట ఉండే బ్రష్ లాంటి నూలు పట్టీ నాలుగైదేళ్లకు అరిగి రాలిపోతుంది. కిటికీ తీయకుండానే ఆ సందులోంచి గాలి కొడుతుంది. అగరుబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ లోపలికి వంగుతుంది. పట్టీ హార్డ్‌వేర్ దుకాణాల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, పాతది లాగేసి గాడిలో కొత్తది తోయడమే. తర్వాత తలుపు కింది సందు. తర్వాత పాత విండో ఏసీ తీసేసిన చోట ప్లైవుడ్ ముక్క బిగించి వదిలేసిన కన్నం. చివరగా ఏసీ పైపులు గోడ దాటే రంధ్రం. దాన్ని తెల్ల సిమెంటుతో కాక గట్టిపడని ఏసీ పుట్టీతో మూయాలి, రేపు పైపు మార్చాల్సి వస్తే గోడ పగలకొట్టే పని ఉండదు. అలాగని గదిని సీసా మూత బిగించినట్టు బిగించొద్దు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకునే గదికి కొంత కొత్త గాలి కావాలి, దానికోసం తలుపు కింద కొంత సందు ఉండనివ్వండి.

గదిలో మనం చేతులారా పోసే నీళ్ల సంగతి వేరు. శ్రావణ మాసం వానల్లో బట్టలు ఆరక ఏసీ గదిలో తాడు కట్టడం ఇక్కడ చాలా ఇళ్లలో మామూలే. ఒక వాషింగ్ మెషిన్ బట్టల్లో పిండాక కూడా రెండు మూడు లీటర్ల నీళ్లుంటాయి. అవి గాలిలోకి పోవడానికి, ఏసీ మళ్లీ పట్టుకోవడానికి అర యూనిట్ దాకా పోతుంది. ఒకరోజు కాబట్టి ఫర్వాలేదు, రోజూ అయితే కాదు. అటాచ్డ్ బాత్రూంలో వేడినీళ్ల స్నానం చేసి తలుపు తీసి వదిలేయడం, ఏసీ వేసే ముందు తడిగుడ్డతో నేల తుడవడం కూడా ఈ కోవలోవే. కూలర్ గురించి చెప్పాలా? మన గాలిలో కూలర్ నీళ్లు సరిగా ఆవిరి కావు, చల్లదనం అంతగా రాదు. ఏసీతో పాటు కూలర్ వేయడమంటే ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తోడడం. వట్టివేళ్ల తడకలు కూడా పడమటి గాలి కొట్టి సముద్రపు గాలి ఆగిపోయిన ఆ నాలుగు రోజులకే పనికొస్తాయి.

రిమోట్ దగ్గరికొద్దాం. స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు 24 డిగ్రీల మీద ఆన్ అయ్యేలా రావాలని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అని వాళ్ల లెక్క. విశాఖలో 26, సీలింగ్ ఫ్యాన్ రెండు లేదా మూడు నంబర్ల మీద ఉంచితే చాలామందికి సరిపోతుంది. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ. గది వేడిగా ఉన్నప్పుడు ఇన్వర్టర్ ఏసీ 26 మీద కూడా పూర్తి బలంతోనే నడుస్తుంది. 18 వల్ల జరిగేదల్లా, ఏసీ 26 దగ్గర ఆగకపోవడం.

అయితే 26 మీద చల్లగానే ఉంది, ఒళ్లు మాత్రం జిడ్డుగా ఉంది అనే ఫిర్యాదు ఉంది చూశారా, అది నిజమైన ఫిర్యాదే. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గిస్తుంది. అప్పుడు లోపలి కాయిల్ అంత చల్లగా ఉండదు. కాయిల్ వెచ్చబడితే నీళ్లు పిండటం తగ్గుతుంది. దీనికి డిగ్రీలు తగ్గించడం తప్పు మందు. ఏసీ ఫ్యాన్ వేగాన్ని 'లో' కి తేవాలి. కాయిల్ మీదుగా గాలి నెమ్మదిగా పోతే కాయిల్ ఇంకా చల్లబడి ఎక్కువ తేమ పడుతుంది. గాలి తగలడానికి సీలింగ్ ఫ్యాన్ ఉండనే ఉంది. అది లాగేది పాత ఫ్యాన్ అయితే 70, 75 వాట్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ అయితే 30 చుట్టూ.

డ్రై మోడ్‌కి దాని కాలం ఉంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, వాన పడి బయట 27, 28 డిగ్రీలే ఉండి గోడలు చెమర్చే రాత్రుల్లో అది చక్కగా పనిచేస్తుంది. మే నెలలో పెడితే గది చల్లబడదు, కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది, అర్ధరాత్రి లేచి మళ్లీ కూల్ నొక్కుతారు.

మరీ తక్కువ పెట్టారనడానికి కిటికీ అద్దమే సాక్ష్యం. మే, జూన్ నెలల్లో విశాఖ గాలిలోని ఆవిరి 25, 26 డిగ్రీల దగ్గరే నీళ్లుగా మారే స్థితిలో ఉంటుంది. గదిని 21, 22 కి దించితే అద్దానికి బయటి వైపు నీళ్లు కారతాయి. అదే నీరు పక్క గదితో పంచుకునే గోడకి అవతలి వైపు కూడా చేరుతుంది, కాకపోతే కనిపించదు. ఆ గోడకి ఆనించిన బీరువాలో పట్టుచీరలకు బూజు పట్టినప్పుడు బయటపడుతుంది. అలాంటి గోడ నుంచి బీరువాని కనీసం మూడంగుళాలు జరపండి.

కొనేటప్పుడు పెద్దది తీసుకుంటే మంచిదనే సలహా ఇక్కడ చేటు చేస్తుంది. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, మూడున్నర కిలోవాట్ల చల్లదనం. 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలు. 150, 180 దాకా ఒకటిన్నర. పైన ఎండ కాసే స్లాబు ఉంటే ఒక మెట్టు పెంచండి. చిన్న గదిలో రెండు టన్నులు, అందులోనూ ఇన్వర్టర్ కానిది పెడితే పది నిమిషాల్లో డిగ్రీలు దిగిపోయి కంప్రెసర్ ఆగుతుంది, లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. కాయిల్ మీద పట్టిన నీళ్లు డ్రెయిన్‌లోకి కారేలోపు మళ్లీ గాలిలోకే పోతాయి. చలి, జిడ్డు రెండూ కలిపి అనుభవించాలంటే ఇదే దారి. లేబుల్ మీద సంవత్సరానికి ఇన్ని యూనిట్లని రాసేది 1600 గంటల లెక్కన. 800 అని ఉంటే గంటకు సగటున అర యూనిట్. కాకపోతే లేబుల్ అంకె తేల్చే పరీక్ష గదిలో గాలి 27 డిగ్రీలు, సుమారు 47 శాతం తేమతో ఉంటుంది. మన గదులు అంత పొడిగా ఉండవు, కాబట్టి ఆ అంకెని నమూనాలను పోల్చడానికే వాడండి, బిల్లు ఊహించడానికి కాదు.

ఇక ఉప్పు. ఇది విశాఖకి ప్రత్యేకంగా పడే జరిమానా. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్, రుషికొండ వైపు బాల్కనీలో ఔట్‌డోర్ యూనిట్ వెనక్కి వెళ్లి చూడండి. అల్యూమినియం రేకుల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. రాగి గొట్టానికి అల్యూమినియం రేకు ఆనిన చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కరుగుతూ పోతుంది. మొదట రేకుల సందులు మూసుకుంటాయి, వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువ ఒత్తిడితో నడుస్తుంది. తర్వాత రేకు గొట్టాన్ని వదిలేస్తుంది. చేత్తో తాకితే బిస్కెట్ ముక్కలా రాలుతుంది. ఆ దశలో ఎన్నిసార్లు సర్వీసు చేయించినా లాభం లేదు, కండెన్సర్ (వేడిని బయటికి వదిలే ఆ గొట్టాలు, రేకుల చట్రం) మార్చాల్సిందే.

ఆ దశ రాకుండా ఆపేది మంచినీళ్లు. సముద్రం ఎదురుగా ఉంటే పదిహేను రోజులకొకసారి, కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపల నెలకొకసారి, మధురవాడ కొండల వెనకో పెందుర్తి వైపో అయితే రెండు మూడు నెలలకొకసారి కడిగితే చాలు. ఏసీ ఆపి, ఎంసీబీ (మీటరు బోర్డులో ఏసీ కరెంటు కట్ చేసే స్విచ్) దించి, పది నిమిషాలు ఆగండి. మామూలు పైపుతో పైనుంచి కిందికి, వెనక వైపు రేకుల మీద నెమ్మదిగా పోయండి. కరెంటు తీగలు కలిసే పక్క మూత మీద పడనివ్వొద్దు. జెట్ పంపుని ఏటవాలుగా పట్టి కొడితే రేకులు పడుకుంటాయి, గాలి ఆగుతుంది, కడగకముందు కన్నా అన్యాయం అవుతుంది. యాసిడ్ కలిపిన క్లీనర్లు తళతళ మెరిపిస్తాయి కానీ రేకు మీది పూతని తినేస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో కుళాయి నీళ్లే వాడండి, ఉప్పుని ఉప్పుతో కడిగి ప్రయోజనం లేదు. ఎత్తైన అంతస్తుల్లో చేయి అందని యూనిట్‌ని మాత్రం బెల్టు కట్టుకునే మనిషికే వదిలేయండి.

పోర్టు వైపు, వన్‌టౌన్, జ్ఞానాపురం ప్రాంతాల్లో ఉప్పుకి నల్ల ధూళి తోడవుతుంది. అక్కడ లోపలి ఫిల్టరు రెండు వారాలు ఆగదు, వారానికొకసారి తీసి కడగాలి. మిగతా ఊరికి రెండు వారాలు సరే.

యూనిట్ పెట్టే చోటు కూడా ఆలోచించాలి. వెనక గోడకి నాలుగు నుంచి ఆరంగుళాలు, ముందు రెండడుగులైనా ఖాళీ కావాలి. అందం కోసం బాల్కనీ గ్రిల్లు లోపల, చెక్క పట్టీల వెనక దాచినవి, ఇరుకు డక్టులో ఒకదానిమీద ఒకటి పేర్చినవి తాము వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తాయి. పీల్చే గాలి ఒక్క డిగ్రీ పెరిగితే రెండు మూడు శాతం కరెంటు పెరుగుతుంది. సముద్రానికి నేరుగా ముఖం పెట్టకుండా భవనం చాటున పెట్టగలిగితే ఉప్పు సగం తగ్గుతుంది. స్టాండు మామూలు ఇనుముది వద్దు. రెండు వర్షాకాలాలకే బోల్టుల దగ్గర తుప్పు పట్టి వంగుతుంది. వేడి జింకు పూతది లేదా స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకుని, గోడలోకి ఎక్స్‌పాన్షన్ బోల్టులు దించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదుగానే తీరం దాటిందన్నది బోల్టు కొనేటప్పుడు గుర్తుంటే చాలు.

"గ్యాస్ తగ్గింది, ప్రతి ఏడూ నింపించాలి" అనే మాట నమ్మకండి. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. తగ్గిందంటే కారుతోంది. ఇక్కడ ఎక్కువగా కారేది ఔట్‌డోర్ యూనిట్ పక్కన పైపులు కలిసే ఫ్లేర్ నట్ల దగ్గర, కండెన్సర్ వంపుల దగ్గర. సబ్బు నురగ రాస్తే బుడగ వస్తుంది, రాకపోతే నైట్రోజన్ నింపి ఒత్తిడి పడిపోతోందా లేదా చూడాలి. రంధ్రం అతికాక వాక్యూమ్ పంపు పెట్టి, గేజి 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి దిగి అక్కడే నిలబడేదాకా గాలిని, తేమని లాగాలి. తర్వాత యూనిట్ మీది స్టిక్కర్‌లో రాసిన బరువు ప్రకారం, తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. ఒత్తిడి గేజి చూసి అందాజుగా పోసేవాళ్లు ఎక్కువా పోస్తారు, తక్కువా పోస్తారు, రెండిట్లోనూ బిల్లు పెరుగుతుంది. ఆర్-32 అనే గ్యాస్ ఉన్న ఏసీలో మరో గ్యాస్ కలపనివ్వొద్దు. ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్ కూడా, కాబట్టి పైపులో గ్యాస్ ఉండగా వెల్డింగ్ మంట దగ్గరికి రానివ్వకూడదు. మెకానిక్ సంచిలో తూకం, వాక్యూమ్ పంపు లేకపోతే పని మొదలుపెట్టకముందే మర్యాదగా పంపేయడం మేలు. పోతూ పోతూ పైపుల మీది నల్ల ఫోము చూడమనండి. ఎండకి పొడిపొడిగా రాలిపోయి ఉంటే చల్లటి పైపు బయటి గాలిని చల్లబరుస్తూ ఉంటుంది, చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతూ ఉంటాయి.

డ్రెయిన్ పైపు లోపల పాకుడు పట్టడం ఇక్కడ ఏడాదికొకసారైనా ఖాయం. పైపు మధ్యలో ఎక్కడా మళ్లీ పైకి లేవకూడదు, దాని కొన బకెట్ నీళ్లలో మునగకూడదు. నీళ్లు వెనక్కి తన్ని గోడమీదికి కారేది ఈ రెండిటి వల్లే. ఇన్‌డోర్ యూనిట్ నుంచి బూజు వాసన వస్తుంటే, పొద్దున ఏసీ ఆపాక కిటికీలు తీసేసి పావుగంట ఫ్యాన్ మోడ్‌లో నడపండి. రాత్రి మధ్యలో మాత్రం అలా చేయొద్దు, కాయిల్ మీది నీళ్లన్నీ మళ్లీ గదిలోకి వస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి ఆగిపోయేలా టైమర్ పెట్టడం కూడా ఈ ఊళ్లో అంత కలిసిరాదు. మేలో ఆ వేళకి కూడా బయట ఉక్క తగ్గదు. గంటకో డిగ్రీ చొప్పున రెండు డిగ్రీలు పెంచే స్లీప్ మోడ్ నయం. బకెట్‌లో పడ్డ నీళ్లు నేల తుడవడానికి, బాత్రూంకి వాడుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయొద్దు, కాయిల్ మీది ధూళి, లోహం అందులో కలుస్తాయి.

పై అంతస్తు వాళ్లకి రాత్రి పన్నెండు దాకా స్లాబే శత్రువు. పగలు తాగిన ఎండని అది సాయంత్రం నుంచి కిందికి దించుతుంది. తెల్ల సున్నం రెండు కోటింగులు వేసినా తేడా తెలుస్తుంది, కానీ ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతుంది. కూల్ రూఫ్ పెయింటు ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు కొట్టడం పొడి ఊళ్ల అలవాటు, ఇక్కడ అవి త్వరగా ఆరవు, ఉన్న పగుళ్లలోకి దిగుతాయి.

బిల్లు లెక్క ఎందుకు చూడాలంటే, ఏసీ యూనిట్లు ఎప్పుడూ టారిఫ్‌లో పై ధర స్లాబులోనే పడతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ టారిఫ్ స్లాబులు తీసుకుంటే, మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు, సుంకం వేరే. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారుకి 200 యూనిట్లు వాడే ఇల్లు ఏసీకి రాత్రికి ఆరు చొప్పున 180 వాడితే మొత్తం 380. అందులో మొదటి 25 మాత్రమే ఆరు రూపాయలవి, మిగతా 155 రూ.8.75వి. ఏసీ వాటా రూ.1506. బిల్లుని యూనిట్లతో భాగించి వచ్చే సగటు చూసి "ఆరు రూపాయలేగా" అనుకుంటే మోసపోతాం. బకెట్ దగ్గర చెప్పిన ఆ అరవై యూనిట్లు ఇక్కడ రూ.525. అందులో సగం కిటికీ పట్టీతో, ఆరేసిన బట్టలు తీసేయడంతో తగ్గవచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎంసీబీ దించేయండి. గాలివాన ఆగాక వెంటనే ఆన్ చేయకుండా, ఔట్‌డోర్ యూనిట్‌ని మంచినీళ్లతో ఒకసారి కడిగి, పూట ఆరనివ్వండి. ఆ ఒక్క రోజున పట్టే ఉప్పు మామూలు నెల మొత్తంలో పట్టేదానికన్నా ఎక్కువ ఉండొచ్చు. చలికాలంలో వాడకం ఆగాక చాలామంది యూనిట్‌ని ప్లాస్టిక్ పట్టాతో మూటకట్టేస్తారు. లోపల తేమ చేరి తుప్పు రెట్టింపవుతుంది, ఎలుకలకి ఇల్లు దొరుకుతుంది. కప్పాలనుకుంటే పైన ఒక రేకు ముక్క చాలు, పక్కలు తెరిచే ఉంచండి.